నచ్చింది తినడం తృష్ణేనా? పులస రోజుల్లో ఒక సందేహం

లంకగట్టు (రాజోలు):

గోదారికి ఎర్రనీరు తగిలింది. ఇక రెండు నెలలు మన వైపు మాటలన్నీ పులస చుట్టూనే. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టుకున్న ఊళ్ళు మనవి. దానికి తోడు శ్రావణమాసం పెళ్ళిళ్ళు, ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజాలు. ఏలూరు దగ్గర విజయరాయిలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేసొచ్చినవాళ్ళకీ, ఇంటి దగ్గర ధమ్మం (బుద్ధుడి బోధ) చదువుకుంటూ ధ్యానం చేసుకునేవాళ్ళకీ ఈ కాలంలో వచ్చే చిక్కు ఒకటే: నోరు ఒకవైపు లాగుతుంది, చదివింది ఇంకోవైపు లాగుతుంది.

తెలిసినవాళ్ళు మూడు విషయాలు విడమర్చి చెప్పాలండి. రుచిగా ఉందని తెలిసి తినడమే తృష్ణా, లేక అది ఇంకెక్కడైనా మొదలవుతుందా? నోరు కట్టేసుకున్నవాళ్ళలో చాలామంది నాలుగు రోజులు ఆగి అయిదో రోజు రెండింతలు తింటారు, అలా ఎందుకు జరుగుతుంది? కోరిక పుట్టిన ఆ నిమిషంలో చెయ్యాల్సిన పని ఏమిటి? "అంతా మనసులోనే ఉంది" అని వదిలేయకుండా, కంచం ముందు పనికొచ్చేలా చెప్పండి.

వైనతేయ (అమలాపురం):

రుచి తెలియడం తృష్ణ కాదండి. ప్రతీత్య సముత్పాదంలో, అంటే ఒకదాని వల్ల ఇంకోటి పుడుతుందని బుద్ధుడు చెప్పిన గొలుసులో, వరస చూడండి. నాలుకకి పులుసు తగలడం స్పర్శ. తగిలాక కలిగే హాయి వేదన (ఇక్కడ వేదన అంటే బాధ కాదు, అనుభూతి). "ఇంకా కావాలి", "అప్పుడే అయిపోకూడదు", "రేపు కూడా ఉంటే బాగుణ్ణు" అని మనసు ముందుకు తోసుకెళ్ళడం తృష్ణ. దాన్ని పట్టుకుని వేలాడటం ఉపాదానం. హాయి తృష్ణ పూర్తిగా తెగిన అరహంతులకీ తెలుస్తుంది, నాలుక పనిచేస్తున్నంత కాలం తెలియకుండా ఎలా ఉంటుంది? మన పని వేదనకీ తృష్ణకీ మధ్య ఉన్న ఆ కాస్త చోటులో.

ఆ చోటు కంచం దగ్గరే కనిపిస్తుంది. నోట్లో ముద్ద ఇంకా నలుగుతుండగానే చెయ్యి తర్వాతి ముద్ద కలిపేస్తుంటుంది, గమనించండి. అంటే నోట్లో ఉన్నదాని రుచి అప్పటికే వదిలేశాం. మనసు కంచంలో ఉన్నదాని మీదికి వెళ్ళిపోయింది. ముద్ద పూర్తిగా మింగేదాకా చెయ్యి కంచం అంచు మీద ఆపి ఉంచండి. రెండు మూడు నిమిషాల్లోనే తొందర, విసుగు, "ఇదేం తిండిరా" అన్న చిరాకు పైకొస్తాయి. రావాలి కూడా. తృష్ణని పుస్తకంలో కాకుండా ఒంట్లో చూసేది అప్పుడే. ఇలా తింటే మొదటి నాలుగైదు ముద్దల్లో ఉన్న రుచి పదో ముద్దకి ఉండదని కూడా తెలుస్తుంది. ఒకే రుచి వరసగా తగిలితే ఆనందం తగ్గడం శరీర ధర్మం. తగ్గిన తర్వాత కూడా తింటున్నామంటే రుచి కోసం కాదన్నమాట.

ఇక కోరిక పుట్టిన నిమిషం. ముందు అది ఆకలో కోరికో తేల్చుకోండి. "ఇప్పుడు అన్నంలో మజ్జిగ పోసి ఉప్పు కలిపి ఇస్తే తింటానా?" అని అడిగి చూసుకోవడమే. తింటాననిపిస్తే ఆకలే. వెళ్ళి తినండి, ధ్యానం అక్కర్లేదు. అది వద్దు, పూతరేకే కావాలంటే కోరిక. అప్పుడు వీపు నిటారుగా పెట్టి కూర్చుని అది ఒంట్లో ఎక్కడుందో వెతకండి. నాలుక మొదట్లో నీరూరుతుంది, గొంతు దగ్గర లాగుతుంది, రొమ్ములో కొంచెం బిగువు, కాళ్ళు లేవబోతుంటాయి. కళ్ళముందు పూతరేకు బొమ్మ మెదిలినంతసేపూ కోరికకి మేత అందుతూనే ఉంటుంది. అందుకని బొమ్మని వదిలేసి ఒంట్లో బిగువు దగ్గరికి రండి. ఊపిరి మామూలుగా ఆడనివ్వండి. మేత వేయకపోతే కోరిక సాధారణంగా అరగంట లోపే ఎక్కి దిగిపోతుంది. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ తాగుడు, సిగరెట్ మానాలనుకునేవాళ్ళకి నేర్పిన పద్ధతి కూడా ఇలాంటిదే. ఆయన విపశ్యన మీద పరిశోధన చేసినవాడు. దిగిన కోరిక మళ్ళీ వస్తుంది. వచ్చిందంటే మీరు చేసింది తప్పని కాదు. మళ్ళీ కూర్చోవడమే.

రెండో ప్రశ్నకి జవాబు బుద్ధుడి ఉపదేశాల (సుత్తాల) సంకలనం మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తంలో దొరుకుతుంది. పట్టి పీడించే ఆలోచనని వదిలించుకోడానికి బుద్ధుడు అయిదు ఉపాయాలు వరసగా చెప్పాడు. మొదట మనసుని ఇంకో మంచి ఆలంబన (మనసు నిలిపే విషయం) మీదికి మార్చాలి, వడ్రంగి సన్న మేకుతో మొద్దు మేకుని బయటికి కొట్టినట్టు. కుదరకపోతే ఆ ఆలోచన వల్ల వచ్చే కీడు చూడాలి. అదీ కుదరకపోతే దాన్ని పట్టించుకోకుండా వదిలెయ్యాలి. తర్వాత ఆ ఆలోచన దేన్నుంచి పుట్టుకొస్తోందో చూస్తూ దాని వేగం తగ్గించాలి. ఈ నాలుగూ పనిచేయనప్పుడు మాత్రమే పళ్ళు బిగించి, నాలుక అంగిటికి ఆనించి, మనసుతో మనసుని అణచాలి. మనవాళ్ళు అయిదోదాంతో మొదలుపెడతారు. అది ఎక్కువసేపు నిలవదు. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం చేసిన ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పించుకున్నవాళ్ళకి, ఆ తర్వాత ఆలోచించవచ్చు అనగానే మామూలు వాళ్ళకంటే ఎక్కువగా అదే గుర్తొచ్చింది. అయిదో రోజు రెండింతలు తినడం వెనకున్నది ఇదే.

మొదటి ఉపాయాన్ని ఇంటి దగ్గర వాడటానికి ఏ ఆలంబన తీసుకోవాలో ముందే అనుకుని పెట్టుకోండి. పది నిమిషాలు మైత్రీభావన (అందరికీ మేలు కోరుకునే ధ్యానం), లేదా కాలవగట్టు మీద అడుగులు గమనిస్తూ నడక. కోరిక వచ్చాక వెతుక్కుంటే దొరకదు. ఒక మిఠాయి బదులు ఇంకో మిఠాయి తినడం మేకు మార్చడం కాదండి.

పంటబోదె (తణుకు):

వైనతేయ గారి మాట కాదనను. కానీ "ఎరుకతో తింటున్నాను" అన్నది చాలా సులువుగా సాకుగా మారుతుంది, అది కూడా చెప్పాలి. నెమ్మదిగా, కళ్ళు మూసుకుని, డబ్బాలో పది పూతరేకులూ ఎరుకతో తినేయొచ్చు. ఎరుక ఉందో లేదో తేలేది ఆపగలిగినప్పుడే. కాబట్టి ఎన్ని తినాలో కంచం ముందు కూర్చోకముందే తేల్చుకోవాలి. ఒకటంటే ఒకటి కంచంలో పెట్టుకుని, డబ్బా మూత పెట్టి లోపల పెట్టేసి రావాలి. చేతికందేంత దూరంలో డబ్బా ఉంచుకుని చేసే సాధనకి అర్థం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి చాలామంది దాటేస్తారు. చూళదుక్ఖక్ఖంధ సుత్తంలో బుద్ధుడు తన సంగతే చెబుతాడు. కోరికల్లో రుచి కొంచెం, కష్టం ఎక్కువ అని బోధికి (జ్ఞానోదయానికి) ముందే తనకి బాగా తెలుసట. అయినా కోరికలకి అవతల ఉన్న ప్రీతి, సుఖం అందనంతవరకూ మళ్ళీ వాటి వైపు తిరగనన్న ధీమా రాలేదట. ఆయన పరిస్థితే అదైతే మనం తెలివితో, పట్టుదలతో మానేస్తామనుకోవడం కుదిరే పని కాదు. అందుకని వరస మార్చండి. తిండి తగ్గించడం తర్వాత చూడొచ్చు, ముందు రోజూ కూర్చోవడం నిలబెట్టండి. పొద్దున్నే అరగంట ఆనాపానం, అంటే ఊపిరిని గమనించే ధ్యానం. మనసు కుదురుకున్నాక ఒంట్లో వచ్చే తేలికదనం, ఎవరి మీదా ఆధారపడని ఆ హాయి కొంచెమైనా తగిలితే నోటి మీద పట్టు దానంతటదే సడలుతుంది. ఆ హాయి లేకుండా మానేసినవాళ్ళు ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటూ తిరుగుతారు.

ఇక పులస. ప్రతి కోరికలో మూడు చూడమన్నాడు బుద్ధుడు: ఆస్వాదం, ఆదీనవం, నిస్సరణం. అందులో ఉన్న రుచి, దానితో వచ్చే కీడు, దాన్నుంచి బయటపడే దారి. కాగితం మీద రాయండి. రుచి దగ్గర అబద్ధం ఆడొద్దు. కొవ్వు పట్టిన చేప, జన (చేప గుడ్లు), మట్టి దాకలో సన్నసెగ మీద కాగి ఒక రాత్రి ఊరిన పులుసు, అందులో బెండకాయ ముక్క. అది గొప్పగానే ఉంటుంది, గొప్పగా లేదని రాస్తే మనసు నమ్మదు. కీడు దగ్గర ధర రాయండి. కిలో వేలల్లో పలుకుతుంది, అప్పుచేసి కొనేవాళ్ళున్నారు. సముద్రంలో పట్టిన ఇలసనీ (అదే జాతి చేప, ఏరెక్కనిది), వేరే రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన చేపనీ పులస పేరుతో అంటగట్టడం ఏటా జరిగేదే. పైగా అది గుడ్లు పెట్టడానికి ఏరు ఎదురీదుతూ వచ్చే చేప. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేక అక్కడే ఆగిపోతుంది, ఆ కొద్ది దూరంలోనే వలలన్నీ.

రాసింది చదువుకుంటే ఒకటి తేలుతుంది. మీ కోరికలో నాలుకది ఎంత, పేరుది ఎంత అని. ఇలసని పులసగా అమ్మడం సాగుతోందంటే తినేవాళ్ళలో చాలామంది తేడా పట్టలేకపోతున్నారనేగా. తింటున్నది పేరుని. ఇంకా లోపలికి వెళితే "ఫలానావారింటికి పులస పంపించాం", "ఈ ఏడు మేం రెండుసార్లు తిన్నాం" అని చెప్పుకోవాలన్న ఆశ ఉంటుంది. అది కామతృష్ణ (ఇంద్రియ సుఖాల దాహం) కాదు, భవతృష్ణ (ఏదో అనిపించుకోవాలన్న దాహం). నోరు కట్టుకుంటే అది తగ్గదు. దానికి మందు వేరు: ఈసారి కొన్నా, తిన్నా ఎవరికీ చెప్పకండి, ఫొటో పెట్టకండి. చెప్పకూడదనుకున్నాక కూడా కొనాలనిపిస్తే అప్పుడది నాలుక కోరికే.

చేప తినొచ్చా అన్నది వేరే లెక్క. తన కోసం చంపినట్టు చూసినా, విన్నా, అనుమానం కలిగినా ఆ మాంసం తీసుకోవద్దని జీవక సుత్తంలో ఉంది. అది భిక్షువుల నియమం. గృహస్థుకి మొదటి శీలం (నియమం) ప్రాణం తీయకపోవడం, తీయించకపోవడం. చచ్చిన చేపని కొనడాన్ని థేరవాదంలో (పాళీ గ్రంథాలని అనుసరించే బౌద్ధ శాఖలో) శీలభంగం అనరు. పులస నీళ్ళలోంచి తీయగానే పోతుంది కాబట్టి బజారులో ప్రాణంతో కనపడదు. కొరమేను అలా కాదు. తొట్లో ఈదుతున్నదాన్ని వేలుపెట్టి చూపించి "ఇది కొట్టండి" అన్నామంటే చంపించినట్టే. ఆ తేడా దగ్గర మాత్రం సర్దుబాటు లేదు.

లంకగట్టు (రాజోలు):

ఇద్దరికీ దండాలండి. నోట్లో ముద్ద ఉండగా చెయ్యి కదలడం అన్నది ఈ పూటే చూడాల్సిన విషయం. ఇంకో రెండు అడుగుతాను. "కోరికని వదలాలి" అనుకోవడం కూడా కోరికే కదా, మరి ఇది ఎక్కడ తెగుతుంది? పౌర్ణమికి ఉపోసథం (ఎనిమిది శీలాలతో గడిపే రోజు) ఉండాలంటే ఇంట్లో ఎలా చెయ్యాలి, కొబ్బరినీళ్ళు తాగొచ్చా, కాఫీ సంగతేంటి? పెళ్ళి విందుల్లో ఎలా నెగ్గుకురావాలో కూడా చెబితే మేలు.

చింతచిగురు (పాలకొల్లు):

మొదటిది నేను అందుకుంటాను. ఈ ప్రశ్న కొత్తది కాదు. కోశాంబిలో ఘోషితారామంలో ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు బుద్ధుడి శిష్యుడు ఆనందుడిని సరిగ్గా ఇదే అడిగాడు. కోరికతో కోరికని వదలడమంటే దానికి అంతే ఉండదు కదా అన్నాడు. ఆనందుడు తిరిగి అడిగాడు: "ఆరామానికి వెళ్ళాలన్న కోరిక ఇంతకుముందు నీకుందా?" ఉంది. "ఇక్కడికి చేరాక ఆ కోరిక ఏమైంది?" చల్లారిపోయింది. అంతేనన్నాడు. ఇది మరో సుత్త సంకలనం సంయుత్త నికాయంలో ఉంది. విముక్తి కోసం పడే తపన చేరాల్సిన చోటికి చేరాక దానంతటదే ఆగుతుంది. పూతరేకు కోరిక అలా ఆగదు. తిన్న కాసేపటికి అణుగుతుంది, రేపు ఇంకాస్త బలంగా వస్తుంది. రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఆనందుడే ఇంకోచోట ఒక భిక్షుణికి ఇంకా సూటిగా చెప్పాడు: ఆహారాన్ని ఆధారం చేసుకునే ఆహారాన్ని దాటాలి, తృష్ణని ఆధారం చేసుకునే తృష్ణని దాటాలి అని. ఫలానావారు విముక్తి పొందారట, నేనెందుకు పొందకూడదు అన్న ఆశతో మొదలైనా ఫర్వాలేదన్నమాట.

కాకపోతే ఇక్కడ దారి తప్పించేది ఒకటుంది. "ఈ నోటి చాపల్యం నాకెందుకు, ఈ ఒళ్ళు నాకెందుకు" అని తిండి మీద, తమ మీద ఏవగింపు పెంచుకునేవాళ్ళుంటారు. అది వైరాగ్యంలా కనపడుతుంది. కానీ అది విభవతృష్ణ, వదిలించుకోవాలన్న మరో దాహం. గుర్తు పట్టడం తేలికే. తినడం మానాక మనసు చల్లబడిందా, లేక తినేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతోందా? మండుతుంటే ఒక పూట మామూలుగా అందరితో కలిసి తినండి. బుద్ధుడు మొదటి ఉపదేశంలోనే రెండు కొసల్నీ కాదన్నాడు, కామసుఖాల్లో మునగడం ఒకటి, ఒంటిని హింసించుకోవడం రెండోది. రెండోదాని సంగతి ఆయనకి వినికిడి కాదు, ఎముకలు తేలేదాకా ఉపవాసాలుండి, అది దారి కాదని తెలుసుకుని, మళ్ళీ అన్నం తిని కూర్చున్నాకే బోధి కలిగింది.

నేరేడుచెట్టు (ద్రాక్షారామం):

ఉపోసథం గురించి. రోజులు అమావాస్య, పౌర్ణమి, రెండు అష్టములు. నాలుగూ కుదరకపోతే పౌర్ణమితో మొదలుపెట్టండి. తెల్లవారుజామున ఎనిమిది శీలాలు తీసుకుంటే మర్నాడు తెల్లారేదాకా. మామూలు అయిదింటిలో మూడోది (తప్పుడు సంబంధాలు మానడం) ఆ ఒక్కరోజూ పూర్తి బ్రహ్మచర్యం అవుతుంది. అదనంగా మూడు: అకాలంలో తినకపోవడం, ఆటపాటలూ అలంకారాలూ మానడం, ఎత్తైన మెత్తని పడకలు వదలడం. ఫోన్‌లో రీల్సు, టీవీ సీరియళ్ళు ఏడోదాంట్లోకే వస్తాయి. జనం తిండి మానేసి ఆ ఖాళీ అంతా ఫోన్‌తో నింపుతారు, దాంతో ఆకలి కంటే ఎక్కువగా ఫోన్ లాగుతుంది. నింపుడు వస్తువు మార్చినంత మాత్రాన ఉపోసథం కాదండి.

భోజనం సూర్యుడు నడినెత్తికి రాకముందే ముగియాలి. మన దగ్గర ఇది తేలిక. దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి గడియారంలో పన్నెండుకీ అసలు మధ్యాహ్నానికీ ఏడాది పొడవునా తేడా ఇంచుమించు పావుగంటకి మించదు. పదకొండుకి కూర్చుని పదకొండున్నరకి లేచేలా వంట చూసుకుంటే ఏ నెలలోనైనా సరిపోతుంది. రాత్రికి కూడా కలిపి తినెయ్యాలని రెండింతలు పెట్టించుకోవద్దు. అలా తింటే మధ్యాహ్నమంతా నిద్ర ముంచుకొస్తుంది, సాయంత్రం ధ్యానం తల తూగడంతోనే పోతుంది. అన్నం, పప్పు, కూర, పెరుగు. పచ్చళ్ళు, వేపుళ్ళు ఆ రోజుకి వద్దు, సాయంత్రం దాహం చంపేస్తుంది.

మధ్యాహ్నం దాటాక ఏం తాగొచ్చన్నది వినయపిటకంలో (భిక్షువుల నియమాల గ్రంథంలో) స్పష్టంగా ఉంది. వడగట్టిన పళ్ళరసాలు తాగొచ్చు. బుద్ధుడు ఒప్పుకున్న ఎనిమిది పానీయాల్లో మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష ఉన్నాయి. గుజ్జు లేకుండా బట్టలో వడగట్టాలి. మనవాళ్ళకి ఆశ్చర్యం కలిగేది కొబ్బరి సంగతి. అట్టకథల్లో (పాళీ వ్యాఖ్యానాల్లో) మహాఫలాలని తొమ్మిదింటిని విడిగా పెట్టారు. తాటి, కొబ్బరి, పనస, పుచ్చ అందులోవే. వాటి రసం ధాన్యంతో సమానమని మధ్యాహ్నం తర్వాత ఒప్పుకోరు. కాబట్టి కోనసీమలో ఉన్నా సరే కొబ్బరినీళ్ళు పన్నెండు లోపే. దానికి బదులు బెల్లం నీళ్ళు ఉన్నాయి. బెల్లం ముక్క జబ్బుపడ్డవారికి, బెల్లం నీళ్ళు జబ్బు లేనివారికి కూడా అని వినయంలోనే ఉంది. గ్లాసు నీళ్ళకి చెంచాడు తురిమిన బెల్లం చాలు. పానకంలా చిక్కగా కలుపుకుంటే అది మళ్ళీ నోటి కోసమే.

పాలు ఆహారం కింద లెక్క, అందుకని సాయంత్రం పాల కాఫీ లేదు. పాలు లేని టీ చాలా విహారాల్లో ఒప్పుకుంటారు. రోజుకి మూడు కాఫీలు తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, ఆ నొప్పిని తపస్సనుకుని పడుకుంటారు. వారం ముందునుంచే సాయంత్రం కాఫీని సగానికి తగ్గించుకుంటూ రండి, పొద్దుటిది ఉంచుకోండి. ఇక ఆకలి రోజూ మీరు భోంచేసే వేళకే వచ్చి కూర్చుంటుంది. ఒళ్ళు ఆ వేళకి అలవాటు పడింది కాబట్టి. ఎనిమిదికి తినేవాళ్ళకి ఎనిమిదికి గట్టిగా వస్తుంది, కాసేపటికి నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ వేళకే ధ్యానానికి కూర్చోండి. వైనతేయ గారు చెప్పినట్టు దాన్ని ఒంట్లో చూడటానికి అంతకంటే మంచి సమయం నెలలో దొరకదు.

పగలు ఎక్కడైనా కూర్చుని రావాలనుకుంటే గోదారి పాయ వైనతేయ ఒడ్డున ఆదుర్రు స్తూపం మనకి దగ్గర. ఎక్కువ దూరం వెళ్ళగలిగితే గుంటుపల్లి గుహలు. గుంటుపల్లిలో కొండ మెట్లు ఎక్కాలి కాబట్టి ఎండ ముదరకముందే చేరుకోండి, అన్నం కట్టుకునే వెళ్ళండి.

కొల్లేటిగట్టు (ఆకివీడు):

పైన చెప్పినవాటిలో ఎరుకతో కొంచెం తిని ఆపడం అన్నది తిండి కోరికల వరకే అని గట్టిగా అనుకోవాలి. సంక్రాంతి పందెం బరికీ, మందుకీ అది వర్తించదు. "ఎరుకతో ఒక్క పందెం" అన్నది లేదు. మత్తు అయిదో శీలంలోనే ఉంది, మోతాదు మాట లేదు. జూదం సంగతి సిగాలోవాద సుత్తంలో గృహస్థుకే విడిగా చెప్పాడు బుద్ధుడు. గెలిచినవాడి మీద పగ పుడుతుంది, ఓడినవాడు పోయినదాని కోసం ఏడుస్తాడు, డబ్బు అక్కడికక్కడే పోతుంది, సభలో మాట చెల్లదు, స్నేహితులు తేలిగ్గా చూస్తారు, పిల్లనివ్వరు. ఆరూ మన బరుల చుట్టూ ఏటా కనిపించేవే. కోళ్ళ ప్రాణం లెక్క వేరే ఉండనే ఉంది.

ఇక్కడ పనిచేసేది దూరం. పండగ మూడు రోజులకీ ముందే ఊరు దాటే ప్రయాణం పెట్టుకోవడం, డబ్బు ఇంట్లోవాళ్ళ చేతికి ఇచ్చేయడం, ఫోన్లో చెల్లింపుల యాప్‌కి పరిమితి పెట్టుకోవడం. సబ్బాసవ సుత్తంలో ఆసవాలని (మనసులోని మలినాలని) పోగొట్టే ఏడు మార్గాల్లో "తప్పుకోవడం" కూడా ఒకటి. మదపుటేనుగు ఎదురైతే అక్కడ నిలబడి ఎరుక సాధన చెయ్యమని అనలేదు, తప్పుకోమనే అన్నాడు. రోజూ తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాతే శీలం తీసుకోవడం.

వైనతేయ (అమలాపురం):

కొల్లేటిగట్టు గారు మంచి మాట చెప్పారు. పెళ్ళి విందు సంగతి మిగిలింది. మన వైపు మర్యాద గట్టిది. మొదట్లోనే "వద్దండి" అంటే పెట్టేవాళ్ళు నొచ్చుకుంటారు, మూడో మనిషి వచ్చి బతిమాలతాడు, చివరికి వద్దనుకున్నదానికంటే ఎక్కువే ఆకులో పడుతుంది. అందుకని అన్నీ కొంచెం కొంచెం వేయించుకోండి. స్వీటు సగానికి తుంపించుకుని "మళ్ళీ వేయించుకుంటానండి" అనండి. ఆకు ఖాళీ కనపడితేనే మారు వడ్డిస్తారు కాబట్టి సగం ముక్కని చివరిదాకా ఆకు మీదే ఉంచండి. వడ్డించేవాళ్ళు మీ వరసకి వచ్చినప్పుడు పక్కవాళ్ళతో కబుర్లలో ఉండొద్దు. మాటల్లో ఉన్నవాళ్ళ ఆకులోనే రెండు గరిటెలు ఎక్కువ పడతాయి. పెరుగన్నం దాకా వచ్చాక ఇంక వెనక్కి వెళ్ళొద్దు.

అయినా ఒక రోజు తప్పుతారు. తప్పిన తర్వాత వచ్చే ఆలోచనే అసలు ప్రమాదం: "ఎలాగూ తప్పాను, ఇవాళ్టికి కానిచ్చేద్దాం." మార్లాట్ దీన్ని కూడా పట్టుకున్నారు. మానేసినవాళ్ళు మళ్ళీ పూర్తిగా పడిపోవడానికి ఆ మొదటి తప్పు కంటే, దాని తర్వాత తమని తాము తిట్టుకోవడమే ఎక్కువ కారణమని ఆయన చెప్పారు. శీలం తప్పితే బౌద్ధంలో గృహస్థుకి ప్రాయశ్చిత్తాలు లేవు. ఒప్పుకుని మళ్ళీ శీలం తీసుకోవడమే, తర్వాతి ముద్ద నుంచే. రేపు ఉపవాసం ఉండి లెక్క సరిచేస్తాననొద్దు. ఆ ఉపవాసం ఎల్లుండి రెండింతల తిండికి దారి.

ఒంటరిగా చేసేవాళ్ళకి ఇంకో ఉపాయం. కోసల రాజు పసేనది కుండెడన్నం తిని ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికొచ్చాడు. బుద్ధుడు ఉపవాసాలేమీ చెప్పలేదు. తిండిలో మితం తెలిసినవాడికి బాధలు తగ్గుతాయి, నెమ్మదిగా ముసలివాడవుతాడు, ఆయుష్షు నిలుస్తుంది అని ఒక గాథ చెప్పాడంతే. పక్కనున్న సుదర్శనుడనే కుర్రవాడు దాన్ని నేర్చుకుని రోజూ రాజుకి భోజనం వడ్డించే వేళ చదివేవాడు. అందుకు రాజు రోజుకి నూరు కహాపణాలు (ఆనాటి నాణేలు) ఇచ్చాడు. నెమ్మది నెమ్మదిగా రాజు తిండి ఒక నాళిక (చిన్న కొలత) అన్నానికి దిగింది. గుర్తుచేసే పని రాజు తన మీద పెట్టుకోలేదు, గమనించండి. మీ ఇంట్లో ఒకరికి ఆ పని అప్పగించండి. మాట ముందే అనుకోండి, "ఇది ఎన్నోది?" అన్న ఒక్క ప్రశ్న చాలు, సాధింపు వద్దు. అడిగినందుకు విసుక్కోకూడదని కూడా ముందే ఒప్పుకోండి.

లంకగట్టు (రాజోలు):

చాలా మేలు చేశారండి. మజ్జిగన్నం పరీక్ష, పులస సంగతి ఎవరికీ చెప్పకపోవడం ఇవాళే మొదలు. నేరేడుచెట్టు గారూ, ఆఖరి ప్రశ్న. ఇంట్లో పెద్దవాళ్ళు షుగర్ బిళ్ళలు వేసుకుంటూ ఉపోసథం ఉంటామంటున్నారు. ఉండొచ్చా?

నేరేడుచెట్టు (ద్రాక్షారామం):

బిళ్ళ పేరు చూపించి డాక్టర్ని అడక్కుండా వద్దండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవాళ్ళు రాత్రి భోజనం మానితే షుగర్ పడిపోయి నిద్రలోనే ప్రమాదం రావచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనపడితే వేళ చూడకుండా వెంటనే పంచదార నీళ్ళు ఇచ్చి, తర్వాత అన్నం పెట్టాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఆరో శీలం (అకాలంలో తినకపోవడం) తీసుకోవద్దు. వీళ్ళంతా మిగతా ఏడూ తీసుకుని, రాత్రి మామూలు వేళకి మామూలు అన్నమే, రెండో కూర లేకుండా, ఫోన్ పక్కన పెట్టి తింటే చాలు. బిళ్ళ మోతాదు మాత్రం సొంతంగా తగ్గించకండి, ఆ ఒక్కరోజు కోసమైనా సరే.